రూలు ఎత్తేసిన ఏడాది

1973 నవంబరు, డబ్లిన్. సర్కారు ఆఫీసు ఎదురుగా నోరీన్ టీ కొట్టు. నిశ్చితార్థమై ఆరేళ్ళైన ఫింటన్, డింప్నా కిటికీ పక్కన కూర్చున్నారు. అతను రెండో కప్పు కూడా ఖాళీ చేశాడు, ఆమె కప్పు పోసింది పోసినట్టే ఉంది.

“మళ్ళీ వర్షం అంటావేంటి? నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?”

“పడుతోంది కాబట్టి అన్నాను.”

“ఈ ఊళ్ళో పడక ఏం చేస్తుంది! చర్చిలో ఫాదర్‌తో పెళ్ళి గురించి మాట్లాడనా, వద్దా? అది చెప్పు డింప్నా.”

“ఇప్పుడా? క్రిస్మస్ ముందు ఆయనకి ఊపిరి సలపదు.”

“క్రిస్మస్ అయ్యాక?”

“అయ్యాక ఈస్టర్ ముందు ఉపవాసాలు వచ్చేస్తాయి. అప్పుడు పెళ్ళిళ్ళు చెయ్యరుగా.”

“మధ్యలో జనవరి అని ఒక నెలుంది తల్లీ!”

“జనవరిలో చలి. అమ్మకి ఆయాసం...”

“మీ అమ్మకి ఆగస్టులోనూ ఆయాసమే! అసలు ఈ ఏడాది ఏం జరగలేదో చెప్పు. యూరప్ కూటమిలో చేరాం. ప్రభుత్వం మారింది. నేను పుట్టకముందు నుంచీ ఏదో ఒక కుర్చీలో ఉన్న ఆ ముసలి ప్రెసిడెంటు కూడా దిగి ఇంటికెళ్ళాడు. మొన్నటికి మొన్న జైల్లోంచి ముగ్గురు హెలికాప్టర్ ఎక్కి ఎగిరిపోయారు. కదలనిదల్లా నువ్వే!”

“అరవకు. మా సెక్షన్ వాళ్ళు వస్తుంటారిక్కడికి.”

“రానీ! పెళ్ళైతే ఆడవాళ్ళు సర్కారు ఉద్యోగం వదిలెయ్యాలన్న రూలు ఎండాకాలంలోనే ఎత్తేశారు. ఆ తర్వాత మీ సెక్షన్‌లో ఎంతమంది చేసుకున్నారు?”

“ఇద్దరు.”

“ముగ్గురు. ఐలీష్ పెళ్ళికి మనం కలిసేగా వెళ్ళాం!”

“ఆ, ఐలీష్. మర్చిపోయా.”

“ఎలా మర్చిపోతావ్? ఆరేళ్ళు, డింప్నా! రూలు పోనీ, రూలు పోనీ అన్నావు. నీ జీతంతోనే ఇల్లు గడుస్తోందన్నావు. సరేనన్నాను. ఎప్పుడైనా నోరెత్తానా?”

“ఎత్తలేదు.”

“మా అమ్మ ఎంత సణిగినా నిన్నొక మాట అననిచ్చానా?”

“లేదు. నువ్వు మంచివాడివి ఫింటన్.”

“నేనడిగింది అదా?”

“కప్పు ఖాళీ అయిందే బాబూ, ఇదిగో ఇంకో టీ. ఏమ్మా డింప్నా, ఎప్పుడు చూసినా పోట్లాటేనా? పెళ్ళి భోజనం ఎప్పుడు పెడతావు మాకు?”

“ఎక్కడ నోరీన్, పెళ్ళైతే మా ఆఫీసులో ఉద్యోగం ఉండదుగా.”

“అయ్యో రాత! అది ఎత్తేశారు కదమ్మా, పేపర్లో కూడా వేశారు! మా చెల్లెలి కూతురు చేసుకుని మరుసటి వారమే డ్యూటీకి వెళ్ళింది. ఆ, వస్తున్నా వస్తున్నా! అక్కడ పిలుస్తున్నారు.”

“డింప్నా... ఇప్పుడు ఆవిడతో ఏమన్నావు నువ్వు?”

“ఏదో... అలవాటు. నోట్లోంచి వచ్చేసింది.”

“అలవాటా?”

“టీ తాగు. చల్లారిపోతుంది.”

“చల్లారనీ. ఇటు చూడు. రూలు ఎత్తేశారని తెలిసిన రోజు ఏం చేశావు నువ్వు?”

“రేడియోలో చెప్పారు. అమ్మ తెగ సంబరపడిపోయింది. నీకు వెంటనే ఫోన్ చెయ్యమంది.”

“నువ్వు చెయ్యలేదు. ఏం చేశావు?”

“గదిలోకెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను.”

“సంతోషంతోనా?”

“కాదు ఫింటన్. ఇన్నాళ్ళూ నీకు వద్దని చెప్పింది ఆ రూలు. ఇకమీదట నేనే చెప్పాలి కదా అని.”