పెట్టెచెక్కల సీలింగు

"ఎత్తు! ఇంకాస్త ఎత్తు! అటు కాదే, నీ చెయ్యి వైపు!"

"రెండూ నా చేతులే కదండీ. ఏ చేతి వైపో చెప్పండి."

1996 మే నెల. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ పక్కన మరోదా బస్తీలో కొత్తగా కట్టుకున్న రేకుల గది. రోలింగ్ మిల్లులో రిటైరైన తాతబ్బాయి, వడ్రంగి గడప తొక్కడానికి వీల్లేదని పంతం పట్టి, రేకుల కింద చెక్కల సీలింగు తనే కొడుతున్నాడు. నెలాఖరుకి కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నిచ్చెన మీద ఆయన. కింద, చేతులు చెక్కకీ నోరు మొగుడికీ అప్పగించి, భార్య సూర్యావతి.

"కుడి. కుడి చెయ్యి. ఆఁ, అలా పట్టుకో. కదపకు."

"నేను కదపట్లేదు. మీ గోడే వంకర."

"గోడ వంకరేటి! లెవెల్ పెట్టి చూసాను."

"ఎప్పుడు చూసారు? కట్టకముందా?"

"నోరు మూసుకుని మేకులందియ్."

"రెండు చేతుల్తో చెక్క పట్టుకోమన్నారు. మేకులు నోటితో అందియ్యాలేటి?"

"సర్లే, నా జేబులో ఉన్నాయి."

"ఇదేటండీ, చెక్క మీద ఏదో రాసుంది?"

"రష్యా అక్షరాలు. మిల్లుకి మెషిన్లొచ్చిన పెట్టెలివి. పాతసామాన్ల కబాడీవాడి దగ్గర ఏరి ఏరి తెచ్చాను. పక్కా రష్యా కర్ర, ఏటనుకున్నావో!"

"ఆ రాతలు పైకి తిప్పి కొడితే రేకులు చదువుకునేవి కదా."

"అటుపక్క గరుకు. ఇటుపక్క నున్నగా ఉంది."

"మరి ఈ గ్లాసు బొమ్మేటి?"

"జాగ్రత్తగా దింపమని."

"ఈ గొడుగు?"

"తడపొద్దని."

"వానాకాలం మీ రేకులకి చూపించండి, బుద్ధొస్తాది. ఈ బాణం?"

"ఇటువైపు పైకుండాలని."

"అది గుమ్మంకేసి చూపిస్తోంది. పక్కది పెరటికేసి. ఇంకోటి కిటికీకేసి. పడుకున్నోళ్ళని బయటికి పొమ్మంటున్నాదండీ మీ సీలింగు."

"రంగేస్తే కనబడవులే. నెహ్రూ నగర్లో శంకరరావు గారింట్లో చూడలేదా? చెక్కల సీలింగే."

"చూసాను. వాళ్ళది ఇల్లు. మీది పార్సెలు. లోపల మనల్ని పెట్టి, మూత కూడా మీరే కొడుతున్నారు."

"వడ్రంగిని పిలిస్తే మాత్రం..."

"పిలుద్దామనే అన్నాను! జాముల్ ఊర్నించి వొస్తానన్నాడు. వొద్దన్నదెవరు?"

"ఎర్రగా కాలిన ఇనుముని దారిలో పెట్టినోణ్ణే. కర్ర నాకో లెక్కా?"

"ఇనుము మీ మాట విన్నాది. కర్ర వింటోందా? ఈ మూల చూడండి, పిల్లి దూరిపోద్ది."

"గాలాడ్డానికి వొదిలాను."

"ఆ మూల అసలు సందే లేదు. అక్కడ గాలాడొద్దేటి?"

"సూర్యావతీ! రేకుల కింద నువ్వు ఉడికిపోకూడదనే కదా ఇది మొదలెట్టాను!"

"నేనెందుకు ఉడుకుతాను? ఛాయ క్వార్టరుకి పోతాను. ఆస్పత్రి నర్సని మన పిల్లకి ఎంత మంచి క్వార్టరిచ్చారు! పైన స్లాబు. నల్లా తిప్పితే నీళ్ళు. కిటికీకి కూలరు. 'నువ్వొచ్చీ అమ్మా' అని రోజూ ఒకటే గొడవ."

"నిజంగా వెళ్తావా?"

"వెళ్తే ఏటి?"

"వెళ్తావా, ఇక్కడుంటావా అని అడుగుతున్నాను."

"చెక్క బరువెక్కుతోంది. ముందు మేకు కొట్టండి."

"మొన్నడిగితే అన్నం వార్చాలన్నావు. నిన్నడిగితే బట్టలు తియ్యాలన్నావు."

"ఇవాళ చెక్క పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. కొట్టండి!"

"అబ్బా!"

"వేలా?"

"కాదు."

"వేలే. మేకు తప్ప అన్నీ తగుల్తున్నాయి మీ సుత్తికి. ఇలా చూపించండి."

"ఏటీ లేదన్నాను కదా. అదిగో, అయిపోయింది. అదే ఆఖరి చెక్క. ఎలా ఉంది?"

"ఉండండి, చూడనివ్వండి."

"బాగుందని ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోతాది?"

"ఏవండీ, ఫేను ఎక్కడ వేలాడదీస్తారు?"

"ఫేనా?"

"ఫేనే. దాని కొక్కెం ఏదీ?"

"కొక్కెమా..."

"అయ్యో నా రాత! ఉద్యోగమంతా క్వార్టర్లో గడిపి, కొక్కెం ఇంటితోపాటే మొలుస్తాదనుకున్నారు! బల్బు పోతే మెయింటెనెన్సోళ్ళకి కంప్లైంటు, నల్లా కారితే కంప్లైంటు. ఇప్పుడెవరికి రాస్తారు? పక్కింటి తులసమ్మకి చెప్పాలి, పడీ పడీ నవ్వుతాది. మా ఆయన మే నెల ఎండలో సీలింగు కొట్టారు, ఫేను సంగతి మరిచిపోయారు అని..."

"మరిచిపోలేదు."

"మరి?"

"కొక్కెం తెచ్చాను. ఆ సంచిలోనే ఉంది. బిగించలేదు, అంతే."

"ఎందుకు?"

"నువ్వు ఛాయ దగ్గరికి పోతానంటున్నావు కదా. నేనొక్కణ్ణే. టేబుల్ ఫేను చాలనుకున్నాను."

"ఆ మధ్య చెక్క పీకండి."

"ఇప్పుడే కదే కొట్టాను!"

"పీకమన్నాను. పీకి కొక్కెం బిగించండి."

"మరి ఛాయ? రోజూ రమ్మంటోందన్నావు?"

"ఛాయ ఒక్కనాడూ రమ్మన్లేదండీ. వొస్తానని నేనే అడిగితే, చూద్దాంలే అమ్మా అన్నాది."