జాడీ మీద లేసు టోపీ

“తాతయ్యా, అమ్మమ్మ ఏది? నువ్వేంటి, లేసు అల్లుతున్నావ్?”

మీ అమ్మమ్మ జంగారెడ్డిగూడెం వెళ్ళిందమ్మా, వాళ్ళ చెల్లెలింటికి. నిన్న వెళ్ళింది, ఈ సాయంత్రం బస్సుకి దిగుతుంది. ఏంటా నవ్వు? నవ్వు నవ్వు. ఫోన్లో రికార్డు కూడా చేస్తున్నావా? చెయ్యి, మీ ఫ్రెండ్సందరికీ పంపు, పాలకొల్లు తాతకి పిచ్చెక్కిందని. కూర్చో. ఆ దారపు ఉండ మీద కూర్చోకు, పొద్దుట్నించీ దాని చిక్కు తీస్తున్నాను.

ఇది నేర్చుకుంది కరోనా అప్పుడు. మొదటిసారి వచ్చిందే, అప్పుడు... కాదు కాదు, రెండోసారి. నాకు తగులుకుంది. ఇంట్లో ఇద్దరమే కదా, మీ అమ్మమ్మ నన్ను ఈ ముందుగదిలో పెట్టి తలుపేసేసింది. అన్నం కిటికీలోంచి ఇచ్చేది. జ్వరం రెండ్రోజుల్లో పోయింది, అసలు రోగం ఆ తర్వాత మొదలైంది. నా సంగతి నీకు తెలుసుగా, కొబ్బరికాయల వ్యాపారం, లోడుతో పాటు ఊళ్ళమ్మట తిరిగినోణ్ణి. ఇంటికొస్తే అన్నానికో, నిద్రకో. అలాంటోణ్ణి నాలుగు గోడల మధ్య పడేస్తే ఏం చేస్తాను? ఫ్యాను రెక్కలు లెక్కెట్టాను. మూడే ఉన్నాయి. మర్నాడు లెక్కెట్టినా మూడే.

నాలుగో రోజో ఐదో రోజో, ఆవిడ అన్నం పట్టుకొస్తే, కిటికీ ఊచలు పట్టుకుని “నాకేం తోచట్లేదే” అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆవిడ కంచం లోపలికిచ్చి, చేతులు తుడుచుకుని, అప్పుడు మెల్లిగా అంది, “పెళ్ళైన కొత్తలో ఈ మాటే నేనంటే, మీరేమన్నారో గుర్తుందా అండీ?”

నాకెక్కడ గుర్తు? ఆవిడకుంది. ఇంట్లో కూర్చునేదానికి తోచకపోవడమేంటి అన్నానంట. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట నా దగ్గర అన్లేదు. లేసు సూది పట్టుకుంది.

అప్పట్లో మా ఇళ్ళల్లో ఆడాళ్ళు వీధి అరుగు మీదక్కూడా రాకూడదమ్మా. సినిమాకెళ్ళాలంటే రిక్షా చుట్టూ దుప్పటి కట్టాలి. అదో గొప్పనుకునేవాళ్ళం. మరి నేనేం చేసేవాణ్ణో తెలుసా? వారం వారం లోడుతో జంగారెడ్డిగూడెం వెళ్ళి, వాళ్ళ చెల్లెలింట్లోనే భోంచేసేవాణ్ణి. ఇంటికొచ్చి, మీ చెల్లి గోంగూర పప్పు బాగా చేసిందే అని చెప్పేవాణ్ణి కూడాను. చూడు, ఎంత తెలివైనోణ్ణో. ఆవిడ ఏదో ఒక లేసు మడిచి, చెల్లికిమ్మని నా సంచిలో పెట్టేది. లేసు వెళ్ళేది, ఆవిడ ఇక్కడే. నువ్వూ రావే అని ఒక్కసారన్లేదు నేను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నమే సూదీ, దారపు ఉండా కిటికీలోంచి లోపలికి పడేసింది. మూతికి గుడ్డ కట్టుకుని, అవతల పీటేసుకుని కూర్చుని నేర్పింది. గొలుసు వెయ్యండి, దాని మీద ఇంకో గొలుసు వెయ్యండి అని. నాకు కొబ్బరికాయ ఒలవడం వచ్చు గానీ ఇదెక్కడొస్తుంది? బల్ల మీద పరిచే గుండ్రటి లేసు అల్లమంది. చుట్టు చుట్టుకీ కుట్లు పెంచుకుంటూ పోవాలంట. నేను పెంచలేదు. అది పరుచుకోకుండా గిన్నెలాగా పైకి లేచింది. ఆవిడ చూసి నవ్విందీ... అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలీదే. విప్పేస్తానంటే విప్పనిచ్చిందా? వేణ్ణీళ్ళల్లో ఉడకేసి ఉంచింది. అదిగో, ఆవకాయ జాడీ నెత్తిన ఉందే, అదే. సరిగ్గా సరిపోయింది. వచ్చినోళ్ళందరికీ చూపిస్తుంది, మావారి చేతి పనండీ అని. ఆయ్, నా పరువు అలా జాడీ ఎక్కి కూర్చుంది.

తర్వాత బస్సులు తిరగడం మొదలెట్టాక, జంగారెడ్డిగూడెం వెళ్దాం పదవే అని నేనే బస్టాండుకి తీసుకెళ్ళాను. తీరా బస్సొచ్చాక, “మీరు లేకుండా ఒకసారి వెళ్ళాలనుందండీ” అంది. కోపమొచ్చిందిలే, అబద్ధమెందుకు. అయినా నోరు మూసుకుని, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాను. అప్పట్నించీ నెలకోసారి వెళ్తుంది. నేనిదిగో, ఇలా.

నీకు సంబంధాలు చూస్తున్నారంట కదా? సిగ్గుపడకు, మీ అమ్మే చెప్పింది. ఉద్యోగం, పొలం, ఇల్లూ అన్నీ మీ నాన్న కనుక్కుంటాడు. అవి కాదు నేను చెప్పేది. ఆవిడ ఊరి నించి రాగానే, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడుగుతుంది, ప్రతిసారీ, “తోచిందా అండీ మీకు?” అని. అన్నేళ్ళు ఊళ్ళు తిరిగొచ్చి నేనొక్కసారైనా అడగని మాట అది. అలా అడిగేవాడు దొరకాలమ్మా నీకు. చల్లగా ఉండు తల్లీ.

ఇంక లే, ఆ ఉండ ఇటివ్వు. ఆవిడొచ్చేలోపు ఈ చుట్టు పూర్తవ్వాలి. ఇక్కడ పెంచానా లేదా నేను... ఉండు, ఉండు, మాట్లాడకు...