ఇరవై మూడో స్లైడు

డిజైన్ల దుకాణంలో కంప్యూటరు ముందు ఓ అమ్మాయి. వెనకాల నిలబడి ఆమె బాబాయి, దుకాణం యజమాని. మరునాడు సాయంత్రం కాలేజీలో ఆటల బహుమతుల విందు.

"అది మాత్రం ఆయనకి చూపించకు."

"ఏది బాబాయ్?"

"ఏదంటావేంటే! ఇరవై మూడోది. పీటీ మాస్టారి వీడ్కోలుది. ఆయన్ని తీసేసి కొత్తవాణ్ణి పెట్టుకుంటున్నారు. ఆ సంగతి రేపు విందులో, తెర మీదే చెబుతారట. అందాకా నోరు మెదపొద్దని ఆఫీసువాళ్లు ఒకటికి పదిసార్లు చెప్పారు."

"ముప్ఫై ఏళ్లు చేసిన మనిషికి అందరితోపాటు తెర మీద చెబుతారా? వెళ్లిపోయేవాడికి మనసు సర్దుకునే వ్యవధైనా ఇవ్వరా?"

"అడగడానికి మనమెవరం? బొమ్మలేసేవాళ్లం."

"ఆయనొచ్చి నా పక్కన కూర్చుంటే నేనేం చెయ్యను? నా మొహంలో అన్నీ తెలిసిపోతాయి."

"మొహం కంప్యూటర్‌కేసి పెట్టు. అదిగో, రానే వచ్చాడు. రండి మాస్టారూ, రండి! మా అమ్మాయి అంతా సిద్ధం చేసింది. చూస్తూ ఉండండి, నేనలా ప్రింటింగు మిషను దగ్గరికెళ్లొస్తా."

"బాబాయ్, నువ్వుండు..."

"వెళ్లనివ్వమ్మా. ఏదీ, మొదట్నుంచి తిప్పు. ఆగాగు! పరుగుపందెం పిల్లని ఇలా నిలబెట్టావేం? దొంగతనం చేసి దొరికినట్టుంది."

"కాలేజీ గుర్తింపు కార్డులో ఫొటో మాస్టారూ. అదొక్కటే ఇచ్చారు."

"నా ఫోన్లో ఉంది, రిబ్బను తెంపుకుంటూ వస్తున్నది. అది పెట్టు. షాట్‌పుట్ అమ్మాయికి తల తెగ్గొట్టావేం?"

"తెగ్గొట్టలేదు. ఫ్రేములో పట్టలేదు."

"ఆ పిల్ల ఎందులోనూ పట్టదు. ఫ్రేమే పెంచు. ఈ అక్షరాలు బంగారు రంగంటావా? పచ్చకామెర్లొచ్చినట్టున్నాయి."

"మారుస్తాను."

"ఏంటమ్మా, చున్నీ మొహం దాకా కప్పుకున్నావు?"

"ఏసీ ఎక్కువైంది."

"ఏసీ ఆపేసే ఉందిగా."

"అవునా... మరేంటో."

"సరే. నేను రాసిచ్చినవి ఇరవై రెండు. కింద మూల ఇరవై మూడని చూపిస్తోందేం?"

"అదా... అది ఖాళీది మాస్టారూ. ఊరికే."

"ఖాళీదైతే తీసెయ్."

"తర్వాత తీస్తాలెండి."

"తెర నల్లబడితే అయిపోయిందనుకుని జనం లేచిపోతారు. నా ముందే తీసెయ్."

"తీస్తాను, తీస్తాను... టీ తాగుతారా?"

"టీ వద్దు. తీసెయ్ తల్లీ."

"నా చేతిలో లేదు మాస్టారూ. ఆఫీసువాళ్లొచ్చి ఒక్కొక్కటీ సరిచూసుకుని మరీ తీసుకెళ్తారు. మీకెలా చెప్పాలో... అది ఖాళీది కాదు."

"కాదని తెలుసు."

"తెలుసా!"

"నా చోట్లోకి వస్తున్నవాడు నా దగ్గర పరుగు నేర్చుకున్నవాడే. మొన్న ఫోన్ చేసి, విందులో తెర మీద చెబుతారట అని ఒకటే ఏడుపు. నేనే ఊరుకోబెట్టాను."

"మరింకేం మాస్టారూ, తెలిసిందే కదా. ఒక్క నిమిషం తెర మీద పడితే పడనివ్వండి. మీ ఫొటో బాగా వచ్చేలా చేశాను. నేనింతకంటే ఏం చెయ్యగలను?"

"నా సంగతి కాదమ్మా. రేపు విందుకి మా ఆవిడ వస్తోంది. తనకింకా చెప్పలేదు."