గేటు దగ్గర రెండు పులులు

ఆ టీవీ సౌండు తగ్గించు నవ్యా. ఎవరికే ఆ దండలు? ఎన్నికల్లో గెలిచాడా? ఓహో, బెయిలొచ్చిందా. బెయిలుకే ఇన్ని బంతిపూలా! మొన్న పక్కింటి రంగనాయకమ్మ కూతురి పెళ్ళికి రాయపూర్ అంతా తిరిగితే ఇందులో సగం దొరకలేదు. ఆవిడ బేరమాడే తీరుకి ఎవడిస్తాడులే, అది వేరే సంగతి. ఏం చేశాడట? హత్యా? మరి ఆ నవ్వేమిటి, సత్యనారాయణ వ్రతానికొచ్చినవాడిలాగ?

చూస్తుంటే సూరిబాబు గుర్తొచ్చాడు. అప్పటి సంగతి నీకు తెలీదులే. ఆ కేసు మొదలైనప్పుడు నువ్వు పుట్టలేదు, తీర్పొచ్చేసరికి పాకుతున్నావు. మన పలాస మనిషే. ఉర్లా వైపు రైలు గేటు దగ్గర గేట్‌మ్యాన్. క్వార్టరు మా పక్కదే, నన్ను వదినా అనేవాడు. నిజం చెప్పడమన్నది అతని ఒంట్లో లేదమ్మా. పెళ్ళాం భ్రమరాంబ పెట్టిన గోంగూర పచ్చడి వాసనకి గూడ్సుబండి ఆగిపోయిందనేవాడు. ఆ పచ్చడి నేను తిన్నాను, బండి ఆగదు, మనిషే ఆగిపోతాడు. ఇంక పులి కథ ఉంది చూశావూ! ఒకరోజు గేటు వేసి ఉంటే పులి వచ్చి, లారీ వెనకాల వరసలో నిలబడి, రైలు పోయి గేటు లేచాక బుద్ధిగా పట్టాలు దాటి పోయిందట. 'మనుషులకి లేని ఓపిక వదినా దానికి' అనేవాడు. ఈ ఫ్యాక్టరీల పొగలో పులెక్కడిది, దగ్గొచ్చి చస్తుంది అంటే మీ తాతయ్య నన్నే కసిరేవారు. 'కథ చెప్పనీవే, టీ ఇవ్వు ముందు' అని. కాలనీలో ఏ ఇంటికెళ్ళినా టీ పుట్టేది అతనికి.

సరే, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, మే నెల. గేటు వేశాడు. గేటు వేశాక స్టేషనుకి ఫోను చేసి ఒక నంబరు చెప్తారు, అది రెండుచోట్లా రాసుకుంటారు. ఇంక రైలు పోయేదాకా దేవుడొచ్చినా తియ్యకూడదు. తెల్లకారు వచ్చి ఆగింది. ఒక పెద్ద నాయకుడి కొడుకు. పేరెందుకులే, వాళ్ళకి మనవలు కూడా పుట్టారు. వాడే నడుపుతున్నాడు, డ్రైవరు పక్కసీట్లో కూర్చున్నాడు. ఆ కుర్రాడు దిగొచ్చి, 'అరే, జాన్‌తా హై మై కౌన్ హూఁ?', నేనెవరో తెలుసా అని ఎగిరాడట. సూరిబాబు జెండా చంకలో పెట్టుకుని, 'ఎవరైనా గేటు గేటే సాబ్. మొన్న పులి కూడా ఆగింది' అన్నాడట. అదీ వరస! ఎక్కడ ఏ మాట అనాలో తెలీదు. రైలు పోయింది, గేటు లేచింది. వాడు ఉక్రోషం కొద్దీ కారుని ఎగదోలాడు. అవతల ఫూల్‌బాయి నడిచి వస్తోంది. రైల్వే షెడ్డులో ఊడ్చే మనిషి, రోజూ పోతూపోతూ సూరిబాబుకి రేగుపళ్ళో చింతకాయలో ఇచ్చి పోయేది. ఆ రోజు కొంగులో మామిడికాయలున్నాయట. అవి మాత్రం మిగిలాయి.

మర్నాటికల్లా డ్రైవరు వెళ్ళి, నడిపింది నేనే అని ఒప్పేసుకున్నాడు. కేసు అయిపోయిందనుకున్నారు అందరూ. సూరిబాబొక్కడే, 'కాదు, చిన్నసాబే నడిపాడు, నా కళ్ళతో చూశాను' అన్నాడు. పోలీసులకి చెప్పాడు, కోర్టులోనూ చెప్తానన్నాడు. ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. భ్రమరాంబ ఏడ్చింది. మీ తాతయ్య కూడా, 'ఊరుకోరాదురా, రోజుకి వంద అబద్ధాలాడతావు, ఇంకొకటి ఆడితే ఏం పోయింది' అన్నారు. 'అవి ఊరికే ఆడేవి అన్నా. ఇది ఒకరు ఆడమంటే ఆడేది' అన్నాడు. ఏమిటో, అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇదిగో, ఇక్కడే నా ఘనకార్యం ఉంది. నవ్వకు. కేసు విచారణకి వచ్చే ముందు ఒకబ్బాయి వచ్చాడు. తెల్లచొక్కా, మంచి మాట. 'నమస్కారం పిన్నిగారూ, నా పేరు మురళీమోహన్, మాది తునండీ' అన్నాడు. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ వినీవినీ ఉన్నవాళ్ళం. గుమ్మంలో తెలుగు మాట వినబడితే ఇంకేం అడుగుతాం? తలుపు తీసేస్తాం. లోపలికి పిలిచి పెసరట్టు వేశాను. 'సూరిబాబు గారి గురించి నలుగురూ గొప్పగా చెప్తుంటే విందామని వచ్చానండి' అన్నాడు. ఇంకేం! నాకు అంతకంటే కావలసిందేముంది? గోంగూర, గూడ్సుబండి, పులి, అన్నీ చెప్పాను. సూరిబాబు గొంతు పెట్టి మరీ చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడా అబ్బాయి. నాలుగు పెసరట్లు తిన్నాడు. అల్లం పచ్చడి బాగుందన్నాడు.

వాడు అవతలి వకీలు దగ్గర జూనియరని కోర్టులో చూశాక తెలిసింది. పెద్దవకీలు లేచి, 'సూరిబాబూజీ, గేటు దగ్గర పులిని చూశారా?' అని మొదలుపెట్టాడు. అన్నీ నేను చెప్పిన మాటలే. నేనెక్కడ ఆగానో అక్కడే ఆగాడు. కోర్టంతా గొల్లుమంది. సూరిబాబు అటూ ఇటూ చూడకుండా, 'చెప్పాను సాబ్. అది అబద్ధం. ఇది నిజం' అన్నాడు. ఏది ఏదో మాకెలా తెలుస్తుందన్నాడు వకీలు. 'పులి కథ చెప్తే టీ ఇచ్చేవారు సాబ్. ఈ మాట చెప్పినందుకు రాళ్ళు వేస్తున్నారు' అన్నాడు. దానికీ నవ్వారు. ఏ వేళకి గేటు వేశాడో చెప్పడానికి రిజిస్టరు ఉందిగానీ, స్టీరింగు ఎవరు పట్టుకున్నారో చెప్పడానికి అతనొక్కడే కదా. ఫూల్‌బాయి తల్లి వెనక బెంచీలో కూర్చునుంది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

సాక్షి మాట నమ్మదగినది కాదని పెద్దింటబ్బాయిని వదిలేశారు. బయట ఇవే దండలు, ఇవే బంతిపూలు. డ్రైవరు రెండేళ్ళు లోపలుండి వచ్చి పండరీ బజార్లో చీరల కొట్టు పెట్టాడు. డ్రైవరు జీతంలో మిగిల్చుకుని ఉంటాడు, పొదుపరి. తెలీక నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఉతుక్కే రంగు పోయింది.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం సూరిబాబు ఎప్పటిలాగే మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చాను, మొహం చూడలేక పొయ్యి వైపు తిరిగాను. సగం తాగి, 'వదినా' అన్నాడు. 'పులి ఒకటేనని చెప్పావటగా ఆ కుర్రాడికి. నేను చెప్పింది రెండు కదా. చెప్తే సరిగ్గా చెప్పాలి' అన్నాడు. నవ్వాడు కూడా. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడే. ఒక్క కథ చెప్పలేదు. మీ అమ్మ నిన్ను ఎత్తుకెళ్ళి, 'మామయ్యా, పిల్లకి పులి కథ చెప్పు' అంటే, 'పులి లేదమ్మా, కుక్క. ఎండకి అలా కనబడింది' అన్నాడు. చెరువు నించి వస్తుంటే చేపలెన్ని పట్టావని అడిగితే రెండంటే రెండే అనేవాడు. టీకి పిలిస్తే వచ్చేవాడు, తాగేవాడు, వెళ్ళిపోయేవాడు. కాలనీ అంతా మాటా మంతీ లేకుండా పోయింది. నేనే...

ఏమిటీ? ఆ కథ మొదటినుంచీ, అతని గొంతుతో చెప్పాలా? అడక్కు. రెండు పులులు. అంతవరకే. పొద్దున్న పెసలు నానబొయ్యమన్నాను, పోశావా లేదా?