ముప్పై డిగ్రీల పెట్టెకు ముప్పై నాలుగేళ్ళ కాపలా

పందొమ్మిది వందల తొంభై ఆగస్టు ఒకటో తేదీన మా సూక్ష్మజీవుల ప్రయోగశాలలో సహాయకులుగా చేరిన పెద్దసారుగారు, ముప్పై నాలుగేళ్ళ అవిశ్రాంత సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందించే భాగ్యం గాజుసామాను కడిగే నాకు దక్కింది. తొమ్మిదితో చదువాగినదాన్ని, వద్దు మహాప్రభో అన్నా ఎవరూ వినలేదు. ఇది నాలుగో ప్రతి. మొదటి మూడూ సారుగారే చదివి, "ఇంకోసారి రాయమ్మా" అని తిప్పి పంపారు. తన అభినందన వ్యాసాన్ని తనే దిద్దే మనిషిని మీరెక్కడైనా చూశారా?

పదేళ్ళకు పరిశోధకులై వారు ఒకే ప్రశ్నను పట్టుకున్నారు: వేరే జీవి నుంచి తెచ్చుకున్న జన్యువుతో బాక్టీరియా ఎలా నెట్టుకొస్తుంది? కొత్త జన్యువు వస్తూనే చెలరేగితే కణానికే ముప్పు గనుక, ఒక కాపలా ప్రొటీను దాన్ని చుట్టుకుని నోరు నొక్కి ఉంచుతుందని, అదను చూసి వదులుతుందని, వారు విసుగు లేకుండా, మాకు విసుగొచ్చేదాకా బోధించారు.

నేను చేరిన మూడో నెలలో మా పాపకు జ్వరం వచ్చింది. అత్తయ్య ఫోను మీద ఫోను. ఆ కంగారులో, బాక్టీరియాను పెంచే, ముప్పై డిగ్రీలుండాల్సిన పెట్టెను, ఒంటి వేడే మనసులో తిరుగుతుంటే, ముప్పై ఏడుకు తిప్పాను. మర్నాడు తెల్లగా ఉండాల్సిన బాక్టీరియా పళ్ళేలన్నీ నీలం! ఆ జన్యువు మేలుకుంటే వచ్చేలా సారు అమర్చిన రంగది.

"ఆరు వారాల పని మట్టిపాలు చేశావు. రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు సూపర్‌వైజరుగారు.

సారు పళ్ళెం ఎత్తి చూశారు. "ఎంత మీద పెట్టావమ్మా?"

"ముప్పై ఏడు సార్... పాపకు జ్వరం..."

"ముందెళ్ళి పాపను చూసుకో. వచ్చాక ఇంకోసారి పెట్టు. సగం ముప్పైలో, సగం ముప్పై ఏడులో."

ఇంకోసారంటే ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు! శిక్షేననుకుని పళ్ళు నూరుకున్నాను. ప్రతిసారీ ముప్పైలో తెలుపు, ముప్పై ఏడులో నీలం. వెచ్చబడితే కాపలా సడలుతోందన్నమాట. అప్పుడు సారు సూపర్‌వైజరుగారిని పిలిచి, "ఈ అమ్మాయిని పంపేస్తే పదోసారి ఎవరు పెడతారు, మీరా?" అన్నారు.

పదోసారీ నేనే పెట్టాను. ఐదేళ్ళుగా పెడుతూనే ఉన్నాను.

సోమవారం నుంచి ఆ పెట్టె దగ్గర నా వెనక ఎవరూ నిలబడరు. అంకె నేనే రెండుసార్లు చూసుకోవాలి. వైద్యులు "బాగున్నారు" అన్నప్పుడల్లా "ఇంకోసారి చూడండి" అని వాళ్ళ ప్రాణం తియ్యకుండా, సారుగారు ఆయురారోగ్యాలతో నూరేళ్ళూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఐదో ప్రతి మాత్రం రాయను సార్.