వకీలుగారి పిప్పిపన్ను

కారు గుద్దిన నాటి నుంచి వదిన కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. కోర్టు ఎదుట టీకొట్టులో ఆమె గ్లాసును ఆడపడుచే పట్టుకుంది.

“గెలిచావా వదినా?”

“గెలిచినట్టే. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలుది పొద్దున్నుంచీ ఒకటే పాట. నా చెయ్యి బాగైపోయిందట, రేపటి నుంచే హాయిగా పళ్లు పీకొచ్చట, ఇంక పరిహారం ఎందుకట.”

“పళ్ల డాక్టరువి నువ్వా, ఆయనా?”

“అదే అడగబోయాను. ఇంతలో ఆయన బుగ్గ చూశాను, బంతిలా వాచిపోయి ఉంది. ‘పిప్పిపన్నులా ఉందండీ, సాయంత్రం రండి, ఈ చేత్తోనే ఊరికే పీకేస్తాను’ అన్నాను.”

“ఏమన్నాడేంటి?”

“దవడ పట్టుకుని వెనక్కి జరిగాడు. జడ్జిగారు నవ్వాపుకుంటూ, ‘చెయ్యి బాగుందన్నారుగా, భయమెందుకు?’ అన్నారు. మధ్యాహ్నానికల్లా కంపెనీయే రాజీకొచ్చింది. అడిగినంతా ఇస్తామంది.”

“నిన్నటిదాకా పైసా కూడా ఇవ్వం అన్నారుగా. పాపం, మరి ఆయన పన్ను?”

“రేపు మా స్నేహితురాలి చేత పీకిస్తున్నా. నేనూ వెళ్తాను.”

“నువ్వెందుకు?”

“పీకేటప్పుడు ఆయన పట్టుకోవడానికి ఎవరిదో ఒక చెయ్యి కావాలి కదే. దానికి ఇది చాలు.”