ఎనిమిది వాట్ల కన్నీళ్ళు

ఆదివారం మధ్యాహ్నం. అక్కగారింట్లో భోజనం చేసి అప్పుడే ఇల్లు చేరిన భార్యాభర్తలు. ముందు గదిలో సగం స్పీకర్లే.

"ఏడ్చావా లేదా, అది చెప్పు చాలు."

"అబ్బ, దారంతా అదే గొడవ. ఇంట్లో కాలు పెట్టామో లేదో మళ్ళీ మొదలెట్టారు. ముందు చెప్పులు విప్పండి."

"విప్పుతా. నేనూ మీ బావా వరండాలోంచి లోపలికి వచ్చేసరికి రికార్డు అప్పుడే ఆగింది. నువ్వు కళ్ళు తుడుచుకుంటున్నావు. నేను చూశాను."

"కంట్లో నలక పడింది."

"రెండు కళ్ళల్లోనా?"

"కళ్ళజోళ్ళ షాపాయన్ని కట్టుకున్నాక నలక పడినా సాక్ష్యం చూపించాలి కాబోలు."

"మాట మార్చకు. ఎనిమిది వాట్లు. తెలుసా నీకు? ఆ పళ్ళ డాక్టరు, మీ బావ, యాంప్లిఫయర్ బలమంతా కలిపి ఎనిమిది వాట్లు. మనది రెండొందలు. మనది విని ఏనాడైనా ఒక్క చుక్క రాల్చావా?"

"మొన్న రాల్చానుగా, తలనొప్పితో."

"నవ్వులాటగా ఉందా?"

"లేదు లెండి. అయినా ఎనిమిదితో అంత మోత ఎలా వస్తుంది?"

"అందులో ఆయన గొప్పేం లేదు. ఆ స్పీకర్లు బీరువాలంత ఉన్నాయి, చూశావుగా. వాటికి సున్నితం ఎక్కువ. చిటికెడు కరెంటు అందితే చాలు, పలికేస్తాయి. మనవి చిన్నవి, మొద్దువి. గట్టిగా తోస్తే గానీ కదలవు. అందుకే అన్ని వాట్లు పెట్టాను."

"కొందరు మనుషులూ అంతే."

"ఎవర్ని అంటున్నావు?"

"స్పీకర్లనే."

"తోడల్లుడు కదా అని ఊరుకున్నాను. 'డిజిటల్‌లో ప్రాణం ఉండదు తమ్ముడూ' అంటాడా నాతో? అదీ నీ ముందు, మీ అక్క ముందు. రికార్డంటే ఏంటి? గీతల మీద ముల్లు గోకడమేగా. వేడి నూనెలో నీళ్ళు పడ్డట్టు ఆ చిటపటలొకటి."

"మీరు మాత్రం ఊరుకున్నారా? ఆయన స్పీకర్లలో ఈగలు ముసిరినట్టు జుయ్యిమంటోంది, కరెంటుకి ఎర్త్ సరిగ్గా లేదన్నారు. ఆయనకి రోషం వచ్చింది. రికార్డు తిరుగుతుండగానే మిమ్మల్ని వరండాలో కరెంటు మీటరు దగ్గరికి లాక్కుపోయారు. ఎర్త్ బాగుందని ఆయన, బాలేదని మీరు. మాకు లోపలికి వినిపిస్తూనే ఉంది. 'నా మొగుడు పళ్ళు చూస్తాడు, నీ మొగుడు కళ్ళు చూస్తాడు, చెవుల సంగతి దేవుడే చూడాలి' అంది అక్క."

"అంటుంది, ఎందుకనదు. సరే, మేం బయటికెళ్ళాక ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? కూర్చున్నాం."

"మీ అక్క కూడా ఏడ్చింది కదూ?"

"ఆవిడ కంట్లోనూ పడింది."

"నలకేనా?"

"నలకే."

"అంటే ఇద్దరినీ ఏడిపించాడన్నమాట. ఆ యాంప్లిఫయర్‌లో గాజు వాల్వులే. ఎర్రగా వెలుగుతాయి చూడు, వాటి గొంతు వెచ్చగా ఉంటుందంటారు. ఇన్నాళ్ళూ నేనే నమ్మలేదు... మరి ఆ గుసగుసలేంటి? నన్ను చూడగానే ఆపేశారు."

"అమ్మ గురించి."

"అమ్మ గురించి ఏం?"

"ఏముంది, చిన్నప్పుడు మా ఇద్దరికీ జడలు వేస్తూ ఒక ముక్క పాడేది. 'వాన వెలిసింది, వాకిలి ఆరింది, ఇప్పుడొస్తే నీ పాదం తడవదులే' అని. అంతే, ముందూ వెనకా లేదు. ఏ పాటో అడిగితే నవ్వేసేది. తనే కట్టుకుందేమో అనుకున్నాం. అమ్మ పోయాక అక్క ఎంతమందినో అడిగింది, ఎవరూ చెప్పలేకపోయారు."

"సరే సరే. ఇలా వచ్చి కూర్చో. అక్కడ కాదు, సరిగ్గా మధ్యలో."

"ఇప్పుడా? బట్టలైనా మార్చుకోనివ్వండి."

"ఒక్క నిమిషం. ఆయన పెట్టిన పాటే నేనూ పెడతాను. అసలు ఆ పాట ఆయనకి అంటించిందే నేను. పెళ్ళైన కొత్తలో మన మొదటి స్పీకర్లు తెచ్చినప్పుడు కూడా దీంతోనే పరీక్ష చేశాను, గుర్తుందా? మొదటి ముప్పై సెకన్లు వింటే చాలు, ఏ సిస్టమ్ జాతకమైనా చెప్పేస్తాను."

"గుర్తులేకపోవడమేంటి? రోజూ వింటున్నదేగా."

"ఇదిగో... వయొలిన్ విన్నావా? తీగ మీద వేలు జారడం కూడా వినబడుతోంది. అక్కడ వినబడిందా?"

"ఆపేశారేం?"

"చెప్పాలి కదా మరి. మళ్ళీ మొదట్నుంచి పెడతా... ఇప్పుడు గొంతు చూడు. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం. ఏమైనా అనిపించిందా?"

"ఊపిరి పీల్చుకుంది."

"అంతేనా? ఉండు, ఎడమదాన్ని కాస్త లోపలికి తిప్పుతా. తల కదపకు... ఇప్పుడు?"

"మళ్ళీ ఆపారు."

"అనిపించిందా లేదా?"

"ఏం అనిపించాలండీ?"

"అక్కడ అనిపించిందే, అది. అదే నాక్కావాలి. నాకు కుళ్ళుగానే ఉంది, దాచుకోవడం దేనికి? ఇన్నేళ్ళుగా వైర్లు మార్చాను, గోడలకి దుప్పట్లు కట్టాను, సోఫా ఎక్కడ వెయ్యాలో టేపు పెట్టి కొలిచాను. ఎవరికోసం అనుకున్నావు? ఏదో ఒకరోజు నువ్వు చేతిలో పని వదిలేసి ఇక్కడ కూర్చుంటావని. ఆయన గదిలో ఒక్క మధ్యాహ్నం కూర్చున్నావు, అంతే, కళ్ళు తడిశాయి. రేపే ఈ యాంప్లిఫయర్ అమ్మేస్తా. వాల్వులది తెస్తా. రికార్డు ప్లేయరూ తెస్తా."

"వద్దు."

"ఎందుకు వద్దు? మనదైతే వద్దు, ఆయనదైతే ముద్దా?"

"బావగారు కూడా మీలాగేనండీ. రోజూ సగంలో ముల్లెత్తేసి 'విన్నావా, విన్నావా' అంటారట. ఇవాళ ఎత్తడానికి మీరిద్దరూ గదిలో లేరు. మాకు ఆ ముల్లు ముట్టుకోవాలంటే భయం. దాంతో పాట దాని దారిన అది చివరిదాకా వెళ్ళింది."

"వెళితే?"

"అమ్మ పాడిన ముక్క అందులోదే. చివరి చరణం."

"ఈ పాటలోనా?"

"ఈ పాటలోనే. పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ నన్ను దాని గుమ్మం దాకా తీసుకెళ్ళి వెనక్కి లాక్కొస్తున్నారు."